ఒంటికి పడనిది

రాత్రి తొమ్మిదికి వంటింటి బల్ల మీద
ఒకే సీసాలోంచి రెండు మాత్రలు.
ఒకే గ్లాసు నీళ్లు. ముందు నేను, తర్వాత గరికాయి.

నాకు పడింది.
దిండుకి తల తగలగానే రాయిలా నిద్ర.
తనకి పడలేదు.

పదింటికి గోడలు లేచి నడుస్తాయట.
ఇంటికప్పు మీదుగా రైలు,
కిటికీల్లో చేపల ముఖాలు.
ఆఖరి పెట్టెలోంచి దిగి, బూట్లు విప్పి,
చచ్చిపోయిన వాళ్లన్న శింగిరాయి
మంచం చివర కూర్చుంటాడట.
తెల్లారేసరికి దుప్పటి పిండితే నీళ్లు.
పగలు తూలుతూ నడిచేవాడు,
చుక్క ముట్టకుండానే తాగుబోతని పేరు.

సకుబ్వా బజారులో నేను మూటల బట్టలమ్ముతాను.
ఓడల్లో వస్తాయి,
ఎక్కడెక్కడి వాళ్లో తొడిగి విడిచినవి.
మెడ వెనక చీటీ: మీడియం.
ఎవరిలో మీడియమో చీటీ చెప్పదు.
మా వాళ్లకి భుజాలు సరిపోతే చేతులు సరిపోవు,
అందుకే కత్తెరా సూదీ ఒళ్లోనే పెట్టుకుంటాను.
మాత్రకి కత్తెరెక్కడ పెట్టను?

పక్కింటి ముసలమ్మ అంది:
శాంతి లేకుండా పోయినవాడు పట్టాడు, మేకనివ్వండి.
చర్చి పెద్దాయన అన్నాడు:
మనసు గట్టిగా లేకపోతే ఇంతే.
మేకనిచ్చాం.
మనసు గట్టి చేసుకున్నాడు.
రైలు వస్తూనే ఉంది.

క్లినిక్‌లో సిస్టర్ లవ్‌నెస్
దూదిపుల్లతో ఇద్దరి బుగ్గల లోపలా తుడిచి
హరారేకి పంపింది.
ఆరు వారాలకి కాగితం వచ్చింది.
దాన్ని వెనక్కి తిప్పి బాల్‌పెన్‌తో కాలేయం గీసింది,
చిలగడదుంపలా వచ్చింది, నవ్వుకున్నాం.
"అమ్మా, నీ లోపల గిన్నెలు వెంటవెంటనే తోముకుపోతాయి.
ఇతని లోపల నిన్నటివి తొట్టిలో ఉండగానే
ఇవాళ్టివి వచ్చి పడతాయి.
మాత్ర ఒకటే. నిలవుండేది ఒకటి కాదు."

జబ్బా? అని అడిగాడు.
"కాదు. పుట్టుకతో రాసుకొచ్చిన అక్షరం.
అమ్మ దగ్గర్నుంచి ఒకటి, నాన్న దగ్గర్నుంచి ఒకటి.
నీకు రెండూ నిదానంవే వచ్చాయి.
ఆ బెంచీ మీద చూడు,
అక్కడా ఉంటారు నీలాంటివాళ్లు."

వాళ్లమ్మ ఫోటో కూడా లేదు మా ఇంట్లో.
బస్సులో దారంతా తన అరచెయ్యి చూసుకుంటూ వచ్చాడు,
ఆమె అక్కడేదో పెట్టి పోయినట్టు.

మోతాదు తగ్గించారు.
మూడో వారానికి రైలు ఆగిపోయింది.
రక్తపరీక్షలో మందు తన పని తను చేస్తూనే ఉంది.
గరికాయి ఈల వేయడం మళ్లీ మొదలుపెట్టాడు,
శ్రుతి ఎప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

ఓ ఆదివారం అవకాడో కోస్తూ కత్తి ఆపాడు.
"అన్నకీ అదే అమ్మ కదా.
అదే నాన్న కదా."

శింగిరాయి అంటే మా భాషలో ఓర్చుకో అని.
మాత్రలు పెరట్లో చిక్కుడు పాదులో పూడ్చేవాడు.
"రాత్రుళ్లు నావల్ల కాదు" అనేవాడు,
అంతకుమించి నోరు మెదిపేవాడు కాదు.
పిరికివాడన్నాం.
అన్నవాళ్లలో నా గొంతే పెద్దది.
బతకాలని లేదు వాడికి, అని
వాడి చావు భోజనాల దగ్గర
గరిటె పట్టుకుని కూడా అన్నాను.

మట్టిలో ఉన్నవాడి బుగ్గ ఎవరు తుడుస్తారు?
వాడికొచ్చిన రెండక్షరాలు ఏవో
ఏ హరారే నుంచీ కాగితం రాదు.
కావచ్చు. కాకపోవచ్చు.
ఈ కావచ్చు నా ఒంటికి పడడం లేదు,
దీనికి మోతాదు తగ్గించేవాళ్లు లేరు.

నిన్న రాత్రి నాకు మెలకువొచ్చింది, ఎన్నాళ్లకో.
పక్కన గరికాయి కళ్లు తెరిచే ఉన్నాయి.
మళ్లీ కలా? అన్నాను.
"లేదు. రావడం లేదు.
ఒక్కసారి వస్తే చెబుదామని."

అటు తిరిగి పడుకున్నాడు,
మోకాళ్లు పొట్టలోకి ముడుచుకుని,
మంచం చివర
ఒక మనిషి కూర్చునేంత చోటు వదిలి.